పూలమ్మాయి చెప్పులు అందించిందా?

రంగస్థలం వెనక – 23

1914 ఏప్రిల్ 11, శనివారం రాత్రి. లండన్‌లో హిజ్ మెజెస్టీస్ థియేటర్ కిటకిటలాడుతోంది. వేదిక మీద ఒక పెద్దింటి హాలు, టీ కప్పులు, ఆచితూచి మాట్లాడే మర్యాదస్తులు. మొన్నమొన్నటి దాకా కోవెంట్ గార్డెన్ మార్కెట్ దగ్గర పూలమ్ముకున్న పిల్ల, మంచి బట్టలు కట్టి, పలుకు దిద్దుకుని వచ్చి, ఇక వెళ్ళొస్తానని లేచింది. పార్కులోంచి నడిచి వెళతారా అని ఒక కుర్రాడు ఆశగా అడిగాడు. నడవడం తన వల్ల కాదని చెబుతూ ఆ పిల్ల ఒక బజారు మాట దొర్లించింది. ‘బ్లడీ’.

ఇవాళ మన కాలేజీ కుర్రాళ్ళు ఊతపదంలా వాడే మాట. ఆ రోజు మాత్రం హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. నవ్వు నిమిషానికి పైగా ఆగలేదంటారు. ఆ మాట నిజంగా అంటారా, అనరా అని పత్రికలు ముందు నుంచే ఊరిస్తూ వచ్చాయి కాబట్టి, సగం మంది దాని కోసమే టికెట్ కొనుక్కుని ఉంటారు.

నాటకం పేరు ‘పిగ్మేలియన్’. రాసినవాడు జార్జ్ బెర్నార్డ్ షా. లండన్ దాకా రాకముందే, 1913 అక్టోబర్‌లో, వియన్నాలో జర్మన్ భాషలో ఆడింది. ఓ ధ్వనిశాస్త్ర పండితుడు హెన్రీ హిగిన్స్. అతను కల్నల్ పికరింగ్‌తో పందెం కాసి, పూలమ్మాయి ఎలైజా డూలిటిల్‌కు ఆరు నెలల్లో దొరసాని పలుకు నేర్పుతానంటాడు, నేర్పుతాడు. పందెం నెగ్గాక పిల్లను మరిచిపోతాడు. ఆమెకు ఒళ్ళు మండి అతని చెప్పులు అతని మొహానే విసిరి, ఇల్లు వదిలి పోతుంది. నేను మనిషిని, నీ ప్రయోగాన్ని కాను అంటుంది. అక్కడితో కథ అయిపోయిందని షా అనుకున్నాడు.

తక్కిన లోకం మాత్రం ఒప్పుకోలేదు. ఈ నాటకానికి పాటలు కట్టగా వచ్చిన, ఈ వారం మనం చెప్పుకునే ‘మై ఫెయిర్ లేడీ’ చరిత్ర నిజానికి ఆ ఒప్పుకోకపోవడం చరిత్రే.

తగవు మొదటి రాత్రి నుంచే ఉంది. హిగిన్స్ వేషం వేసిన సర్ హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ ఆ థియేటర్‌కు యజమాని కూడా. ఎలైజాగా వేసిన మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్‌కు అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు, ఆ పాత్రకు ఇరవై నిండలేదు. (ఆడవేషాల్లో మన స్థానం నరసింహారావు గారిని చూసిన తరానికి వయసు ఒక లెక్క కాదనుకోండి.) వందో ఆటకు షా మళ్ళీ వెళ్ళి చూస్తే, తెర పడబోయే ముందు ట్రీ కిటికీ దగ్గర నిలబడి ఎలైజా మీదికి పూలగుత్తి విసురుతున్నాడు. అంటే ఇద్దరికీ పెళ్ళన్నమాట! నా ముగింపు వల్లే డబ్బులు వస్తున్నాయి, సంతోషించమని ట్రీ అన్నాడట. నిన్ను కాల్చిపారేయాలని షా బదులు చెప్పాడట. ఇద్దరి మాటా న్యాయమే అనిపిస్తుంది నాకు.

షా ఊరుకునే రకం కాదు. 1916లో నాటకం పుస్తకంగా వచ్చినప్పుడు వెనక ఒక పొడవాటి వివరణ తగిలించాడు. ఎలైజా, పార్కులోంచి నడిచి వెళతారా అని అడిగిన ఆ వెర్రిబాగుల ఫ్రెడ్డీని చేసుకుంటుంది, ఇద్దరూ కలిసి పూలకొట్టు పెట్టుకుంటారు, హిగిన్స్‌కు తల్లి మీదున్న భక్తి ఏ భార్య మీదా కుదరదు – ఇదీ సారాంశం. నాటకం రాసినవాడే నాటకం కింద పిటిషన్ రాసుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఇంతకీ ఆ కాలాన్ని ఒకసారి ఇటువైపు నుంచీ చూడండి. షా ఈ నాటకం రాస్తున్న 1912 ప్రాంతంలోనే మన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి నుంచి వాడుక భాష కోసం పోరు మొదలుపెట్టి ఉన్నారు. సవర భాష పలుకుబడిని రాతలో పట్టుకోవడానికి ధ్వనిశాస్త్రం నేర్చినవారు ఆయన. హిగిన్స్ చేతిలో ఉన్న విద్యే ఆయన చేతిలోనూ ఉంది. హిగిన్స్ దాంతో పూలమ్మాయి యాసను చెరిపేశాడు. పంతులు గారు జనం నోట ఉన్నదే భాష అని ఆ విద్యతోనే నిరూపించారు. పంతులు గారికి హిగిన్స్ ఎదురుపడి ఉంటే వాదం ఎలా సాగేదో ఊహించుకోవడానికే సరదాగా ఉంటుంది.

సరే, పాటల సంగతికి వద్దాం. షాకు సంగీతం ప్రాణం. యువకుడిగా సంగీత విమర్శలు రాసి బతికినవాడు. కానీ తన నాటకానికి పాటలు కడతామంటే మండిపడేవాడు. దానికి పాత గాయం ఒకటుంది. 1908లో ఆస్కార్ స్ట్రాస్ అనే వియన్నా సంగీతకారుడు షా ‘ఆర్మ్స్ అండ్ ది మ్యాన్’ను ఓపెరెట్టా చేశాడు. ఇంగ్లిష్‌లో అదే ‘చాక్లెట్ సోల్జర్’. అది ఊళ్ళూళ్ళా విరగబడి ఆడింది. అందులో ఒక్క పైసా తనకు వద్దని షా ముందే చెప్పేశాడు, తర్వాత ఆ డబ్బు సంగతి తలచుకున్నప్పుడల్లా నొచ్చుకున్నాడు. ‘మెర్రీ విడో’ కట్టిన ఫ్రాంజ్ లెహార్ అంతటివాడు ‘పిగ్మేలియన్’ మీద ఆశపడినా షా ససేమిరా అన్నాడు.

సినిమాకు మాత్రం గేబ్రియల్ పాస్కల్ అనే హంగేరీవాడి మాటలకు పడిపోయాడు. 1938లో లెస్లీ హోవర్డ్, వెండీ హిల్లర్‌లతో ఆ సినిమా వచ్చింది. స్క్రీన్‌ప్లేకు షాకు ఆస్కార్ దక్కింది. రాయబార భవనపు విందు దృశ్యం, స్పెయిన్ వాన పలుకు పాఠం – మనం ‘మై ఫెయిర్ లేడీ’వి అనుకునే చాలా ఘట్టాలు ఈ సినిమాలో పుట్టినవే. ముగింపు కూడా. చివర్లో ఎలైజా తిరిగొస్తుంది. హిగిన్స్ వెనక్కి కూడా తిరక్కుండా తన చెప్పులెక్కడ అని అడుగుతాడు. విసిరిన చెప్పుల్ని తెచ్చిమ్మని అడగడం! ట్రీ విసిరిన పూలగుత్తి ఈసారి చెప్పుల రూపంలో వచ్చింది.

1950 నవంబర్‌లో షా పోయాడు. ఇక వద్దనేవాడు లేడు. పాస్కల్ ‘పిగ్మేలియన్’ను చంకన పెట్టుకుని అమెరికాలో గుమ్మం గుమ్మం తిరిగాడు. రిచర్డ్ రాడ్జర్స్, ఆస్కర్ హామర్‌స్టీన్ అంతటి జంట కూడా ప్రయత్నించి వదిలేసింది. 1952లో పాటల రచయిత ఆలన్ జే లెర్నర్, సంగీతకర్త ఫ్రెడరిక్ లోవ్ తీసుకున్నారు. వాళ్ళూ కొన్నాళ్ళు కుస్తీ పట్టి వదిలేశారు. కష్టం ఎక్కడంటే, సంగీత నాటకానికి ప్రేమకథ ఉండాలి, పక్కనో చిన్న ఉపకథ ఉండాలి, గుంపు పాటలకు గుంపు ఉండాలి. ‘పిగ్మేలియన్’లో ఉన్నవి మాటలు. మనుషులు గదిలో కూర్చుని వాదించుకుంటూ ఉంటారు. పాట దూరే సందు లేదు.

1954లో పాస్కల్ కూడా పోయాడు. ఆ వార్త చదివాక లెర్నర్‌కు మళ్ళీ పురుగు తొలిచింది. ఈసారి దారి దొరికింది. షా నాటకంలో దేన్నీ మార్చనక్కర్లేదు, అంకానికీ అంకానికీ మధ్య తెర వెనక జరిగిపోయినవాటిని తెర ముందుకు తెస్తే చాలు. పాఠాలు నేర్వడం, గుర్రప్పందేలకు వెళ్ళడం, విందులో నాట్యం చేయడం అన్నీ చూపిస్తే పాటలు వాటంతటవే దూరతాయి. చెప్పుకుంటే ఎంత తేలికగా ఉంది! హక్కులు ఇంకా చేతికి రాలేదు. పాస్కల్ ఆస్తి వ్యవహారం ఒక బ్యాంకు చేతిలో ఉంది, ఎంజీఎం లాంటి పెద్ద కంపెనీ పోటీకి వచ్చింది. ఇద్దరూ మొండికేసి, హక్కులు లేకుండానే రాయడం మొదలుపెట్టారు. బ్యాంకు నిర్ణయించే వేళకు మన చేతిలో సగం నాటకం ఉంటే మనకే ఇస్తారన్న ధైర్యం. అలాగే జరిగింది. పెట్టుబడి దాదాపు 4 లక్షల డాలర్లు. మొత్తం సీబీఎస్ పెట్టింది, పాటల రికార్డు హక్కులు దాని కొలంబియా కంపెనీకి. తర్వాత వచ్చిన లాభం చూస్తే అమెరికా నాటకరంగంలో అంతకన్నా మంచి బేరం కుదరడం కష్టం.

పేరులోనే ఒక చమత్కారం దాచారు. ‘లండన్ బ్రిడ్జి’ అనే పిల్లల పాటలో వచ్చే మాటలు అవి. లండన్‌లో సంపన్నులుండే పేట మేఫెయిర్. ‘మేఫెయిర్ లేడీ’ని పూలమ్మాయి యాసలో పలికితే ‘మై ఫెయిర్ లేడీ’ అవుతుంది. శీర్షికే యాస పాఠం.

హిగిన్స్‌గా రెక్స్ హారిసన్ వచ్చాడు. పాడటం రాదు. పాఠాలు చెప్పించారు, లాభం లేకపోయింది. చివరికి స్వరం వెంట పోకుండా లయ వెంట మాట్లాడమన్నారు. లోవ్ కూడా ఆ గొంతుకు తగ్గట్టే బాణీలు కట్టాడు. పద్యాన్ని రాగాలు తీయకుండా భావం తెలిసేట్టు చదవాలని మన నటుడు బళ్ళారి రాఘవ మొత్తుకున్నది ఇదే కదా అనిపిస్తుంది. రాఘవ ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు షాను కలిశాడని మనవాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

హారిసన్‌కు షా మీద మహా భక్తి. రిహార్సల్‌లో ఎప్పుడూ ‘పిగ్మేలియన్’ పెంగ్విన్ ప్రతి వెంట ఉండేది. ఎక్కడ అనుమానం వచ్చినా పెంగ్విన్ ఏదీ అని కేకేసేవాడు. విసిగిపోయిన లెర్నర్ ఒకరోజు చర్మంలో గడ్డి కూరిన నిజం పెంగ్విన్ పక్షినే తెప్పించి, ఈసారి కేక వినగానే ముందుకు తోశాడు. లెర్నర్ స్వయంగా తన జ్ఞాపకాల్లో రాసుకున్న ముచ్చట ఇది.

ఎలైజాగా అప్పుడే ఇరవై ఏళ్ళు నిండిన జూలీ ఆండ్రూస్. గొంతు అద్భుతం, నటన పచ్చి. రిహార్సల్స్ ఒకదశలో ఆ పిల్లను మార్చేద్దామనే దాకా వచ్చింది. దర్శకుడు మాస్ హార్ట్ తక్కినవాళ్ళందరినీ ఇంటికి పంపేసి, ఒక శని ఆదివారాల్లో నలభై ఎనిమిది గంటలు ఆమె ఒక్కదానితో కూర్చున్నాడు. ఒక్కో మాట, ఒక్కో అడుగు. తిట్టాడు, అనుకరించాడు, బతిమాలాడు. సోమవారానికి ఎలైజా వచ్చేసింది. పలుకు దిద్దే పంతులూ పూలమ్మాయీ కథ ఆడటానికి ముందే, తలుపులు మూసిన గదిలో అదే కథ ఒకసారి జరిగిపోయింది. ఆ రెండు రోజుల గురించి జూలీ ఆండ్రూస్ జీవితమంతా కృతజ్ఞతగానే మాట్లాడింది.

బ్రాడ్వేకు వెళ్ళే ముందు బయటి ఊళ్ళో ఆడి చూసుకోవడం అక్కడి ఆచారం. 1956 ఫిబ్రవరి 4న న్యూ హేవెన్‌లో మొదటి ఆట. ఆ రోజు మంచు తుఫాను. హారిసన్‌కు చలికన్నా వాద్యబృందం ఎక్కువ భయం పుట్టించింది. ఇన్నాళ్ళూ ఒక్క పియానోతో అభ్యాసం చేసినవాడు, ముప్పై మందికి పైగా వాద్యగాళ్ళను వినేసరికి తన పాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక కాళ్ళు వణికాయి. ఇవాళ ఆడనన్నాడు, గదిలో తలుపేసుకున్నాడు. బృందాన్ని పంపేశారు. తుఫానులో దారి వెతుక్కుంటూ జనం మాత్రం వచ్చేస్తున్నారు. ఆట ఎందుకు ఆగిందో ఊరంతా చెబుతానని హాలు మేనేజరు బెదిరించాడు. ఆటకు గంట ముందు హారిసన్ బయటికి వచ్చాడు. పంపేసినవాళ్ళ కోసం ఊరంతా గాలింపు. స్పెయిన్ వాన పాట పూర్తయ్యేసరికి హాలు దద్దరిల్లింది. మన నాటకాల్లోనైతే ‘వన్స్ మోర్’లతో ముందుకు కదలనిచ్చేవాళ్ళు కాదు.

అయినా కత్తిరింపులు తప్పలేదు. ఒక పెద్ద నృత్యం, రెండు పాటలు ఎగిరిపోయాయి. అందులో ఒక పాటను రెండేళ్ళ తర్వాత ‘జీజీ’ సినిమాలో వాడుకున్నారు. పారేసిన సొమ్మును మరో ఇంట్లో చెలామణి చేయడం లెర్నర్, లోవ్‌లకు తెలుసు. ఫ్రెడ్డీ ఎలైజా ఇంటి వీధిలో నిలబడి పాడే పాట కూడా పోవాల్సిందే. పాడేవాడెవరో జనానికి గుర్తు రావడం లేదు. పాట ముందు నాలుగు మాటలు మార్చి, గుర్రప్పందేల దగ్గర కలిసిన కుర్రాణ్ణి నేనేనని తెలిసేట్టు చేశారు. అంతే, పాట నిలిచింది.

ఆ గుర్రప్పందేల దృశ్యానికి కూడా ఒక లెక్క ఉంది. 1914లో గుండెలదరగొట్టిన ‘బ్లడీ’ 1956 నాటికి పాతబడిపోయింది. అందుకని ఆస్కాట్ మైదానంలో, సెసిల్ బీటన్ తొడిగిన నలుపు తెలుపు గౌన్లలో బొమ్మల్లా నిలబడ్డ దొరసానుల మధ్య, ఎలైజా తను పందెం కాసిన గుర్రాన్ని అదిలిస్తూ దాని పిరుదుల్ని మొరటు మాటతో తలచుకుని కేక పెడుతుంది. బూతుకు కూడా కాలం చెల్లుతుందని, కొత్తది వెతకాలని లెర్నర్‌కు తెలుసు.

1956 మార్చి 15న న్యూయార్క్ మార్క్ హెలింజర్ థియేటర్‌లో తెర లేచింది. తర్వాతి ఆరున్నరేళ్ళలో 2,717 ఆటలు. అప్పటిదాకా రికార్డు ‘ఓక్లహోమా!’ది, 2,212. టికెట్ల కోసం నెలల తరబడి ఎదురుచూపులు, నల్లబజారులో పెంచిన ధరలు. మరుసటి ఏడు ఆరు టోనీ అవార్డులు వచ్చాయి. హారిసన్‌కు ఒకటి దక్కింది, జూలీకి దక్కలేదు. అల్ హిర్ష్‌ఫెల్డ్ గీసిన పోస్టరు ఈ చరిత్ర అంతటికీ బొమ్మ కట్టినట్టుంటుంది. ఎలైజా తోలుబొమ్మ. ఆమె దారాలు హిగిన్స్ చేతిలో ఉంటాయి. హిగిన్స్ కూడా తోలుబొమ్మే. అతని దారాలు పైన మేఘాల్లో కూర్చున్న గడ్డం తాత షా చేతిలో. షా చేతిలోంచి దారం ఎప్పుడో జారిపోయిందని పాపం హిర్ష్‌ఫెల్డ్ గీయలేదు.

ఎందుకంటే లెర్నర్ కూడా 1938 సినిమా ముగింపునే పట్టుకున్నాడు. హిగిన్స్ ఒంటరిగా కూర్చుని ఎలైజా గొంతు రికార్డులు వింటుంటాడు. ఆమె చప్పుడు లేకుండా వచ్చి యంత్రం ఆపి, తన పాత యాసలో మాట పూర్తి చేస్తుంది. అతను టోపీ కళ్ళ మీదికి లాక్కుని చెప్పులెక్కడ అంటాడు. ఆమె జవాబిచ్చే లోపే తెర పడుతుంది. పుస్తకంగా అచ్చువేసినప్పుడు లెర్నర్ ఒక చిన్న మాట రాశాడు: షా వివరణను కావాలనే వదిలేశాను, ఆయనా దేవుడూ క్షమించాలి గానీ, షా చెప్పిందే నిజమని నాకు నమ్మకం లేదని.

1958 ఏప్రిల్ 30న లండన్ డ్రూరీ లేన్‌లో దిగింది. కథ మొదలయ్యే కోవెంట్ గార్డెన్ చర్చి మెట్ల దగ్గరికి అక్కడి నుంచి నడిచిపోవచ్చు. అప్పటిదాకా ఆ పాటలు ఇంగ్లండ్‌లో ఎవరూ మోగించకూడదని నిర్మాతలు కట్టడి చేశారు. దాంతో అమెరికా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ఆ రికార్డు దొంగసరుకైపోయింది. అక్కడ 2,281 ఆటలు.

ఆపైన ఇతర భాషలు. యాస మీద నిలబడ్డ నాటకాన్ని అనువదించడం అంటే, ‘కన్యాశుల్కం’ గిరీశాన్ని తమిళంలోకి తీసుకెళ్ళమన్నట్టు. జర్మన్‌లో పూలమ్మాయికి బెర్లిన్ బస్తీ యాస పెట్టారు. పలుకు కుదరడం కోసం స్పెయిన్‌లో వాన మానేసి, పచ్చగా పూలు పూసేట్టు చేశారు. 1961 అక్టోబర్‌లో పశ్చిమ బెర్లిన్‌లో ఆ ప్రదర్శన మొదలైంది. ఊరి మధ్య గోడ లేచి అప్పటికి రెండున్నర నెలలు. మెక్సికో ప్రదర్శనలో చిన్న వేషం వేసిన ఒక కుర్రాడి పేరు ప్లాసిడో డొమింగో. 1963లో టోక్యోలో జపనీస్‌లో ఆడింది. 1960లో అమెరికన్ బృందం మాస్కో, లెనిన్‌గ్రాడ్, కీవ్ కూడా తిరిగొచ్చింది. మన దేశంలో షా మూల నాటకాన్నే తీసుకుని మరాఠీలో పు.ల. దేశ్‌పాండే ‘తీ ఫులరాణి’ చేశాడు. భక్తి బర్వే ఆ వేషంతో పెద్ద తార అయింది. గుజరాతీలో మధు రాయ్ రాసిన ‘సంతు రంగీలీ’లో సరితా జోషి అంతే పేరు తెచ్చుకుంది. శ్రీకాకుళం యాసా కరీంనగర్ యాసా గోదావరి యాసా ఉన్న మన దగ్గర ఇలాంటి ఎలైజా స్థిరపడకపోవడం నాకు కొరతగానే ఉంటుంది.

1964 నాటి సినిమా సంగతి అందరికీ తెలిసిందే, తొందరగా దాటేద్దాం. హక్కులకు నిర్మాత వార్నర్ 55 లక్షల డాలర్లు పోశాడు. జూలీ సినిమాకు కొత్త ముఖమని పక్కన పెట్టి ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నాడు. పాటల్లో ఎక్కువ భాగం మార్నీ నిక్సన్ గొంతు. సినిమాకు ఎనిమిది ఆస్కార్లు. ఉత్తమ నటి బహుమతి మాత్రం ఆ ఏడాది ‘మేరీ పాపిన్స్’కు జూలీ ఆండ్రూస్ ఎగరేసుకుపోయింది.

నాటకం ఆగలేదు. 1981లో ముసలి హారిసన్ మళ్ళీ హిగిన్స్ అయ్యాడు. 2001లో లండన్ నేషనల్ థియేటర్‌లో ఎలైజా వేషగత్తెకు తరచూ జబ్బు చేస్తుంటే, హిగిన్స్ వేసిన జొనాథన్ ప్రైస్ ప్రేక్షకుల్లో ఎవరైనా ఎలైజా వేస్తారా అని సరదాగా అడిగాడు. 2016లో అరవై ఏళ్ళ పండగకు సిడ్నీ ఓపెరా హౌస్‌లో దర్శకత్వం వహించింది జూలీ ఆండ్రూసే. ఒకప్పుడు నలభై ఎనిమిది గంటలు పాఠం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు పాఠం చెప్పే కుర్చీలో.

డబ్బు ఎటు పోయిందో కూడా చెప్పాలి. షా తన ఆస్తిలో కొంత ఇంగ్లిష్‌కు కొత్త అక్షరమాల తయారుచేయడానికి రాశాడు. ఉన్న ఇరవై ఆరు అక్షరాలు ఆ భాష పలుకుకు చాలవని ఆయన బాధ. తక్కినదానికి హక్కుదార్లు బ్రిటిష్ మ్యూజియం, రాయల్ అకాడెమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్, ఐర్లండ్ నేషనల్ గ్యాలరీ. అక్షరమాల సంగతి 1957లో కోర్టుకెక్కి, చివరికి 8,300 పౌండ్లతో రాజీ కుదిరింది. 1962లో ఆ లిపిలో షా నాటకం ఒకటి అచ్చయింది కూడా. ఆ మూడు సంస్థలకూ ‘మై ఫెయిర్ లేడీ’ రాయల్టీలు ఏళ్ళ తరబడి ధారగా వచ్చాయి. తన నాటకానికి పాటలు వద్దని జీవితమంతా పోరిన మనిషి పేరు మీద, ఆ పాటల సొమ్ముతో డబ్లిన్‌లో చిత్రపటాలు కొన్నారు.

2018 ఏప్రిల్‌లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో బార్ట్‌లెట్ షేర్ కొత్తగా తీశాడు. లెర్నర్ మాటలు ఉన్నవి ఉన్నట్టే. ఎలైజా తిరిగి వస్తుంది. హిగిన్స్ చెప్పులడుగుతాడు. ఎలైజా వేషం వేసిన లారెన్ ఆంబ్రోస్ అతని దగ్గరికి వెళ్ళి, బుగ్గ మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం చూసి, వేదిక దిగి ప్రేక్షకుల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఇదేం ముగింపని గొణిగారు. 1914లో ట్రీ పూలగుత్తికి వచ్చిన చప్పట్లూ ఇలాగే ఉండి ఉంటాయి.

(వచ్చే వారం: 1928, బెర్లిన్. బిచ్చగాళ్ళూ దొంగలూ పాడిన ‘త్రీపెన్నీ ఓపెరా’)